అరవై ఒక్క కిలోల సన్మానం

కురంబీన్ వ్యవసాయ ప్రదర్శన సంఘం ఈ ఏటి కార్యవర్గ సమావేశంలో మూడు తీర్మానాలను ఏకగ్రీవంగా ఆమోదించింది. ఒకటి, గొర్రెల పాక కప్పుకు పడిన చిల్లులను వచ్చే ఏడు తప్పక బాగు చేయించాలి. ఇది వరసగా పన్నెండో ఏడు నెగ్గిన తీర్మానం. రెండు, జిల్లాలోకెల్లా బరువైన గుమ్మడికాయ పండించిన రైతుకు వెండి కప్పు ఇవ్వాలి. మూడు, గౌరవ సభ్యురాలు శ్రీమతి డెల్విన్ హార్కనెస్ తన శరీరంలో అరవై ఒక్క కిలోలు తగ్గించుకుని జిల్లాకు తెచ్చిన పేరుకు గుర్తుగా ప్రారంభ సభలో ఆమెను సన్మానించాలి. ఒకే వేదిక మీద గుమ్మడికాయకు పెరిగినందుకు, మనిషికి తగ్గినందుకు బహుమతులివ్వడం కార్యవర్గంలో ఎవరికీ వింతగా తోచలేదు.

సంఘం తొందరను కూడా అర్థం చేసుకోవాలి. గోధుమ పొలాల నడుమ ఉన్న ఊరు కురంబీన్. పక్క ఊళ్ళో ధాన్యపు గోదాం గోడ మీద ఎవరో చిత్రకారుడు తొంభై అడుగుల ఎత్తున ఓ గొర్రెల కాపరి బొమ్మ వేసి పోయాడు. అది చూడ్డానికి మెల్‌బోర్న్ నుంచి జనం కార్లు వేసుకుని వచ్చి, కాఫీలు తాగి, ఫొటోలు తీసుకుని పోతున్నారు. కురంబీన్ గోదాం గోడ మీద పావురాల రెట్ట తప్ప మరేమీ లేదు. కనుక కురంబీన్‌కు డెల్విన్ ఉంది.

డెల్విన్‌కు అరవై రెండేళ్ళు. బడి క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు శాండ్‌విచ్‌లు చుట్టి ఇచ్చింది. ప్రదర్శనలో కేకుల పోటీకి ఇరవై రెండేళ్ళుగా ఆమే న్యాయనిర్ణేత. ఒకప్పుడు నూట ముప్ఫై ఎనిమిది కిలోలుండేది. మోకాళ్ళు అరిగాయి, చక్కెర వ్యాధికి రోజూ సూదిమందు. ఆపరేషన్ దరఖాస్తులో కారణాలుగా ఈ రెండూ రాసింది. రాయనిది మరొకటుంది. మేనకోడలి పెళ్ళి విందులో ఆమె కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ కాళ్ళు నాలుగు వైపులా విచ్చుకుపోయాయి. చుట్టూ ఉన్న ఎనిమిది మందీ ఎంతో మర్యాదగా, నవ్వకుండా, మరో బల్లవైపు చూశారు. నవ్వి ఉంటే ఆమె కూడా నవ్వేసి మరిచిపోయేది.

ఏడేళ్ళ క్రితం నగరంలో డాక్టర్ క్రిస్పిన్ వేల్ ఆమె కడుపును కోడిగుడ్డంత చేసి, పేగును దారి మళ్ళించాడు. వంతెన మరమ్మతులప్పుడు రోడ్లశాఖ వారు లారీలను పొలాల మీదుగా మళ్ళిస్తారే, అదే పని. తేడా ఏమిటంటే ఇక్కడ వంతెన మళ్ళీ తెరవరు. సంతకాలకు పద్నాలుగు పేజీల కాగితాలిచ్చారు. పదకొండో పేజీలో అక్షరాలు చీమల కన్నా చిన్నవి.

"ఇదేంటమ్మాయ్?" అని డెల్విన్ అడిగింది.

"అవన్నీ చట్టం కోసం రాస్తామండీ. ఇక్కడ పెట్టండి సంతకం" అంది నర్సు, చాలా ప్రేమగా.

మొదటి ఏడాది ఊరు మొత్తం డెల్విన్‌తో పాటు తగ్గినట్టు సంబరపడింది. పోస్టాఫీసులో వరసలో నిలబడితే ముందుకు పంపేవారు. చర్చిలో పాస్టరు సంయమనం మీద చేసిన ప్రసంగంలో ఆమెను రెండుసార్లు ఉదహరించాడు. ఆమె పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి మందుల షాపు అద్దానికి అంటించారు. పాత ఫొటోలో ఆమె నవ్వుతోంది. కొత్త ఫొటోలో ఆమె చాలా సన్నగా ఉంది.

ఆ తర్వాత పదకొండో పేజీ ఒక్కో వాక్యం చొప్పున ఇంటికి రావడం మొదలుపెట్టింది.

ముందు జుట్టు వచ్చింది, దువ్వెనలోకి. తర్వాత పిత్తాశయంలో రాళ్ళు. రక్తంలో ఇనుము నిలవడం లేదని నాలుగు నెలలకోసారి ఆసుపత్రిలో చేతికి గొట్టం పెట్టి సీసాడు ఇనుము ఎక్కించడం మొదలైంది. బొట్టనవేలంత విటమిన్ మాత్రలు రోజుకు ఆరు. ఎముకలు పలచబడ్డాయి. పొట్ట మీద, చేతుల కింద చర్మం ఖాళీ గోతాంలా వేలాడింది. దానికి ఇంకో ఆపరేషన్ ఉందనీ, అది అందం కిందకి వస్తుంది గనుక బీమా వర్తించదనీ తెలిసింది. అన్నిటికన్నా పెద్దది తీపి. ఓ బిస్కట్టు తిన్నా పదిహేను నిమిషాల్లో గుండె దడదడ, ఒళ్ళంతా చెమట, కడుపులో మెలి, ఎక్కడపడితే అక్కడ పడుకోవాలనిపించడం. మరో రెండు గంటలకు చక్కెర ఒక్కసారిగా పడిపోవడం. ఓసారి సూపర్‌మార్కెట్‌లో రొట్టెల వరస దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది. కళ్ళు తెరిచేసరికి ముగ్గురు ఆడవాళ్ళు వంగి చూస్తున్నారు. "ఎంత తేలిగ్గా పడిందో చూశారా!" అంది వాళ్ళలో ఒకావిడ, మెచ్చుకోలుగా.

నగరంలోని క్లినిక్‌కు ఫోన్ చేస్తే, మీ అయిదేళ్ళ పర్యవేక్షణ ముగిసింది, దయచేసి మీ ఊరి డాక్టరును కలవండి అన్నారు. ఊరి డాక్టరు ఫిలిప్పా మంచి మనిషి. ఆమె పాపం పుస్తకాలు తిరగేసి, ఇది ఆ శస్త్రవైద్యుడే చూడాలమ్మా అంది. ఈ విధంగా డెల్విన్ పాత కడుపు ఊరి పరిధిలోనూ కొత్త కడుపు నగరం పరిధిలోనూ ఉన్నట్టు, నొప్పి మాత్రం ఎవరి పరిధిలోనూ లేనట్టు తేలింది.

గ్రంథాలయంలో బుధవారం బుధవారం 'మార్పు మిత్రులు' అని ఓ బృందం కలుస్తుందంటే వెళ్ళింది. అంతా ఆమెలాంటివారే. నడిపేది పెట్రా అనే అమ్మాయి. ఆమెకు పుట్టినప్పటినుంచీ ఒకటే కొలత, సన్నం. అక్కడ ఒకటే నియమం, పశ్చాత్తాపం అన్న మాట వాడకూడదు. బదులుగా 'సవాలు' అనాలి.

"నాకు వెన్న రాసిన టోస్టు మీద బెంగగా ఉంది" అని ఓ పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, పెట్రా అందరిచేతా చప్పట్లు కొట్టించి, "చూశారా, ఈయన తన సవాలుతో స్నేహం చేస్తున్నారు!" అంది. పెద్దాయన మరుసటి వారం రాలేదు. రెండు వారాల తర్వాత డెల్విన్ కూడా మానేసింది. ఇద్దరూ బాగుపడినట్టు పెట్రా తన పుస్తకంలో రాసుకుంది.

ఇవన్నీ ఓర్చుకోదగ్గవే. ఓర్చుకోలేనిది భర్త లిండ్సే మంచితనం. లిండ్సే ఊరి నీటి సరఫరాలో పనిచేసి రిటైరయ్యాడు. నలభై ఏళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గొర్రెమాంసం వేపుడు, బంగాళాదుంపలు, పైన గ్రేవీ పోసుకుని తిన్నారు. పెళ్ళయిన కొత్తలో మాట్లాడుకోవడానికి సిగ్గుపడ్డప్పుడు కూడా ఆ బల్ల దగ్గరే సర్దుకున్నారు. ఆపరేషన్ తర్వాత ఆమె ముందు తింటే ఆమెకు బాధ అని అతను గరాజులో తినడం మొదలుపెట్టాడు. ఆమెకా సంగతి రెండేళ్ళ తర్వాత తెలిసింది. సుత్తి కోసం వెళితే మగడు కారు బానెట్ మీద పళ్ళెం పెట్టుకుని, నిలబడి, గోడకేసి చూస్తూ తింటున్నాడు.

"ఏం చేస్తున్నావ్ లిండ్సే?"

"ఏం లేదు డెల్. ఆయిల్ చూస్తున్నా" అన్నాడు అతను. గడ్డం మీద గ్రేవీ.

ఆమె సుత్తి తీసుకుని వచ్చేసింది. మేకు ఎక్కడ కొట్టాలో గుర్తు రాలేదు.

కేకుల న్యాయనిర్ణయం మాత్రం వదల్లేదు. అదొక్కటే మిగిలింది మరి. ఏడేళ్ళుగా ఆమె చేస్తున్నదేమిటంటే, ముక్క నోట్లో పెట్టుకుని, నాలుక మీద ఓ క్షణం ఆనించి, చేతిరుమాలులోకి వదిలేయడం. ద్రాక్షసారాయి రుచి చూసే నిపుణులు ఇలాగే చేస్తారట అని ఊళ్ళో ప్రచారమై, ఆమె తీర్పుకు విలువ మరింత పెరిగింది.

ప్రదర్శన రోజు వచ్చింది. అక్టోబరు ఎండ. గొర్రెల అరుపులు, కట్టెలు కొట్టే పోటీల చప్పుడు, పుల్లకు గుచ్చి నూనెలో వేయించిన సాసేజీల వాసన. డెల్విన్ చేతిసంచీలో మూడు పేజీల ప్రసంగం ఉంది. క్లినిక్ వారే రాసి పంపారు. అందులో 'నా ప్రయాణం' అన్న మాట పదకొండు సార్లుంది.

సభ రెండు గంటలకు. అంతకు ముందే కేకుల తీర్పు ముగించాలి. ఇరవై ఆరు స్పాంజి కేకులు. ఇరవై అయిదు మామూలుగా జరిగిపోయాయి. ఇరవై ఆరోది నోలీన్‌ది. నోలీన్ లిండ్సే చెల్లెలు. మనిషి గట్టిది, కేకు మెత్తనిది. రెండు పొరల మధ్య క్రీము, పైన పాషన్ ఫ్రూట్ గుజ్జు. డెల్విన్ ఓ తునక నోట్లో పెట్టుకుని చేతిరుమాలు తీసింది.

"ఉమ్మేస్తున్నావా వదినా?" అంది నోలీన్. పోటీదారులు తీర్పు చోట ఉండకూడదని నియమం. నోలీన్ పూలకుండీ సర్దే నెపంతో వచ్చి నిలబడింది.

"రుచి చూసే పద్ధతే అది."

"మా అమ్మ ఉన్నప్పుడు ఈ కేకు మూడు ముక్కలు తినేదానివి. ఇప్పుడు గొప్పదానివయ్యావు, మా కేకులు ఉమ్మేస్తావు. ఉమ్మెయ్, ఉమ్మెయ్. పొద్దున్నే నాలుగింటికి లేచి గుడ్లు గిలక్కొట్టాను, నా కర్మ."

డెల్విన్‌కు ఏమనిపించిందో ఆమెకే తెలియదు. తునక మింగేసింది. ఎంత బాగుందంటే, తర్వాత ముక్కంతా తినేసింది. కళ్ళు మూసుకుని తిన్నది. అత్తగారి వంటగది, తడి కిటికీ అద్దం, పొయ్యి మీద కెటిల్ ఈల, అన్నీ నాలుగు నిమిషాలపాటు అక్కడే ఉన్నాయి.

"మొదటి బహుమతి" అంది కళ్ళు తెరిచి.

"మరీ అంత ఇదిగా చెప్పక్కర్లేదు" అని నోలీన్ సిగ్గుపడింది.

అప్పుడు సమయం రెండుకు పది నిమిషాలు తక్కువ.

వేదిక మీద సంఘం అధ్యక్షుడు కెల్విన్ పాస్కో మైకు అందుకున్నాడు. "మిత్రులారా! మన తాతలు ఈ నేలను చదును చేశారు. మన తండ్రులు దీనికి నీళ్ళు తెచ్చారు. మన డెల్విన్ ఏం చేసింది? తన్ను తాను సగానికి దగ్గరగా కుదించింది! క్రమశిక్షణ అంటే ఇది! పక్క ఊరి వాళ్ళు గోడకు రంగులేసుకుని మురిసిపోతున్నారు. రంగు వానకు వెలుస్తుంది. తగ్గిన బరువు వెలుస్తుందా? వెలవదు!" చప్పట్లు. కెల్విన్ బెల్టు ఆఖరి చిల్లు దగ్గర ఉంది. అది ఉపన్యాసానికి అడ్డు రాలేదు.

డెల్విన్ లేచి నిలబడి కాగితం విప్పింది. "నా ప్రయాణం..." అని మొదలుపెట్టింది. అక్షరాలు పాకాయి. వీపు మీద చెమట ధారగా దిగింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. పక్కనే అలంకరణకు పెట్టిన ఉన్ని మూట మీద కూలబడింది. మైకు చేతిలోనే ఉంది.

"క్షమించండి. ఇప్పుడే నోలీన్ కేకు తిన్నాను. అందుకే ఇలా. కేకు తప్పేం లేదు, కేకు దివ్యంగా ఉంది. నా కడుపే ఇలా అయింది. ఏడేళ్ళుగా ఇంతే. మీరెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

జనం సర్దుకుని కూర్చున్నారు.

"మోకాళ్ళు బాగున్నాయి, అబద్ధం చెప్పను. సూదిమందు మానేశాను, అదీ నిజమే. కానీ ఈ జుట్టు సగం నాది కాదు, కొన్నది. నాలుగు నెలలకోసారి ఇనుము ఎక్కించుకుంటున్నాను, పాత లారీకి ఆయిల్ పోసినట్టు. రొట్టెల వరసలో పడిపోయింది తేలికై కాదు, స్పృహ తప్పి. మా ఆయన నేను బాధపడతానని గరాజులో నిలబడి తింటున్నాడు. నలభై ఏళ్ళు ఒక బల్ల మీద తిన్నాం మేము. అది ఆ పద్నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. చదవకుండా సంతకం పెట్టింది నేనే, కానీ చదివినా అది అందులో ఉండేది కాదు."

ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. ముందు వరసలో లిండ్సే టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"మళ్ళీ ఆ రోజే వస్తే చేయించుకుంటావా అంటే నాకు తెలీదు. మెట్లెక్కేటప్పుడు చేయించుకుంటానంటాను. ఆదివారం మధ్యాహ్నం వద్దంటాను. పశ్చాత్తాపం అనకూడదట, సవాలు అనాలట. నేను పశ్చాత్తాపమనే అంటాను. మీరంతా చప్పట్లు కొడుతుంటే ఆ చప్పుడులో ఈ మాట చెప్పడానికి ఎక్కడా సందు దొరకలేదు. ఇంతే. నేనిప్పుడు పడుకోవాలి."

గొర్రెల పాకలో ఓ పొట్టేలు దగ్గడం మైదానమంతా వినపడింది. తర్వాత కెల్విన్ పాస్కో తేరుకున్నాడు. "ఎంత వినయం! ఎంత స్ఫూర్తి!" అంటూ కళ్ళు తుడుచుకుని, సంఘం తరఫున జ్ఞాపికను ఆమె ఒళ్ళో పెట్టాడు. జ్ఞాపిక రెండంతస్తుల పండ్ల కేకు.

ప్రథమ చికిత్స గుడారంలో డాక్టర్ ఫిలిప్పా ఆమెను పడుకోబెట్టి, వేలి చివర గుచ్చి చక్కెర చూసింది. "ఇన్నాళ్ళూ నాతో ఇదంతా ఎందుకు చెప్పలేదు మీరు?" అంది.

"చెప్పాను కదమ్మా. ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నావు."

ఫిలిప్పా మొహం ఎర్రబడింది. చాలాసేపు ఏదో రాసుకుంది. జిల్లా ఆసుపత్రిలో ఇలాంటి కడుపుల వాళ్ళకి ఏం తినాలో, ఎప్పుడు తినాలో చూసే మనిషి ఒకావిడ ఉందనీ, సోమవారం తనే ఫోన్ చేస్తాననీ, నగరం వాళ్ళు ఎత్తేదాకా వాళ్ళకూ చేస్తాననీ చెప్పింది. "ఇకనుంచి మీ కడుపు నాది" అని వెళ్ళింది. డెల్విన్‌కు ఏడేళ్ళలో ఎవరూ అంత మంచి మాట చెప్పలేదు.

లిండ్సే గుడారం గుమ్మంలో నిలబడ్డాడు. ఓ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏంటది?"

"ఏం లేదు."

"ఆయిలా?"

అతను చెయ్యి ముందుకు తెచ్చాడు. మాంసం కూరి కాల్చిన 'పై' రొట్టె, సగం కొరికినది. "పొద్దుటినుంచి ఏం తినలేదు డెల్. పారేసి వస్తా."

"పారెయ్యకు. ఇలా కూర్చుని తిను."

"నీకు బాధ..."

"నువ్వు గోడకేసి చూస్తూ తింటేనే బాధ. నా వైపు చూసి తిను. ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదు."

అతను మంచం అంచున కూర్చుని తిన్నాడు. కొరికినప్పుడల్లా ఆమె మొహం కేసి చూశాడు. చొక్కా మీద సాసు పడితే ఆమె చేతిరుమాలుతో తుడిచింది. మధ్యలో ఆమె వేలితో లోపలి మాంసం ఓ చిన్న ముద్ద తీసుకుని, ముప్ఫైసార్లు నమిలి మింగింది. ఏమీ కాలేదు.

"ఉప్పు ఎక్కువ" అంది.

"నువ్వు చేసిన 'పై' లాగా ఎలా ఉంటుంది మరి?" అన్నాడు లిండ్సే. ఉప్పు మీద నెపం పెట్టి దగ్గాడు.

ఆ తర్వాత ఆదివారాలు వాళ్ళిద్దరూ బల్ల దగ్గరే కూర్చుంటున్నారు. ఆమె ముందు పిల్లల పళ్ళెం ఉంటుంది. తీపి లేదు, రొట్టె లేదు. నొప్పి వచ్చిన రోజులూ ఉన్నాయి, రాని రోజులూ ఉన్నాయి. గరాజులో ఇప్పుడు కారొక్కటే ఉంటోంది.

ఇక ఆ రోజు గుడారం ముందు జరిగింది కూడా చెప్పాలి. నాలుగు గంటలకు డెల్విన్ లేచి బయటికి వచ్చేసరికి పద్దెనిమిది మంది వరసలో నిలబడి ఉన్నారు. తన మాటలు ఇంతమందిని కదిలించాయా అని ఆమెకు కళ్ళు చెమర్చాయి. వరసలో మొదట నోలీన్ ఉంది. ఆమె డెల్విన్ రెండు చేతులూ పట్టుకుంది.

"ఇన్ని కష్టాలు పడ్డావా వదినా! నాతో ఒక్క ముక్కయినా చెప్పలేదే! నేనేమో కేకు తినమని చంపుకు తిన్నాను. నన్ను క్షమించు."

"పోనీలే నోలీన్."

"జుట్టు, రాళ్ళు, ఇనుము... అబ్బబ్బ, వింటుంటేనే ఒళ్ళు జలదరించింది." నోలీన్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "అది సరే గానీ, ఆ డాక్టరు నంబరు నీ దగ్గరుందా?"

"నేను చెప్పిందంతా విన్నావా నువ్వు?"

"అంతా విన్నాను వదినా, ఒక్క అక్షరం పోనివ్వలేదు. అరవై ఒక్క కిలోలే కదా?"

వెనకాల పదిహేడు మంది ఒకడుగు ముందుకు జరిగారు. సంఘం నివేదికలో ఆ ప్రసంగం 'మిక్కిలి ప్రభావవంతం' అని నమోదైంది.

ఆ ప్రజల అవివేకానికి మనం నవ్వుకోవచ్చు. ఆమె పడ్డ బాధలన్నీ ఓపిగ్గా చదివిన మనకు వారికన్నా విచక్షణ ఎక్కువ. అయితే ఆ అరవై ఒక్క కిలోలు ఎన్ని నెలల్లో తగ్గాయో ఈ కథలో ఎక్కడా చెప్పలేదే అని మీకు ఇందాకటినుంచీ లోలోపల ఒక వెలితి ఉండే ఉంటుంది. పద్నాలుగు.